రొయ్యల్లేని పాఠం

పాఠం పువ్వులా విచ్చుకోవాలని ట్రైనింగుల్లో చెప్తూంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా సూర్యకళ టీచరుకి ఒళ్ళు మండుతుంది. పువ్వయితే పొద్దున్న తల్లో పెట్టుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది. తను ఆదివారమంతా కూర్చుని అట్టలు కత్తిరించి, గింజలకు రంగులేసి తయారుచేసిన పాఠం సోమవారం రెండో గంట కొట్టేలోగా వాడిపోతుంది. మంగళవారం అదే అట్ట తీస్తే, "మళ్ళీ అదేనా టీచర్" అంటాడు కిరణ్, ఆవలింతకి చెయ్యి కూడా అడ్డం పెట్టకుండా.

కిరణ్ చదివేది అయిదో తరగతి. వాడి నోరు మాత్రం ఎప్పుడో హైస్కూలు దాటేసింది.

భీమవరం నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద తాళ్ళగరువు అని ఒక ఊరుంది. పేరులో ఉన్న తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఇప్పుడు గట్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి, దిగాల్సిన స్టాపు దాటిపోయిన మనుషుల్లా నిలబడి ఉంటాయి. ఒకప్పటి వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఆకాశం ముక్కలుముక్కలుగా కింద పడితే ఆ ముక్కల మధ్య గట్లు మొలిచినట్టుంటుంది ఊరు. చెరువుల్లో ఏరేటర్లు పగలూ రాత్రీ నీళ్ళని తెల్లగా చిలుకుతూనే ఉంటాయి. ఆ చప్పుడులోనే బడి. ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచుకునే ఎక్కాలు.

సూర్యకళ పుట్టింది తణుకులో. ఉద్యోగం వచ్చిన మొదటి ఊరు పోలవరం అవతల కొండల్లో. అక్కడ సుద్దముక్కలు అయిపోతే మళ్ళీ ఎవరో ఒకరు కిందికి దిగి ఎక్కేదాకా లేవు. అందుకని ఆకులు, పుల్లలు, ఏటి రాళ్ళు పెట్టి చెప్పింది. అదేదో గొప్పని ఆవిడ అనుకోలేదు. చేతిలో ఏమీ లేనివాళ్ళు చేసే పనే చేసింది. బదిలీల్లో ఒక్కో ఊరే కిందికి దిగుతూ డెల్టాకి చేరేసరికి ఆ అలవాటుని టీఎల్‌ఎం, అంటే బోధనోపకరణాలు, అనడం మొదలుపెట్టారు. దానికి మేళాలు, ఫోటోలు, ప్రశంసాపత్రాలు వచ్చాయి. అప్పట్నుంచే ఆవిడకి తిప్పలు కూడా వచ్చాయి.

చింతగింజలతో కూడికలు చెప్తే రెండో తరగతి పిల్లాడు ఒక గింజని ముక్కులోకి దోపుకున్నాడు. పీహెచ్‌సీలో నర్సు దాన్ని తీస్తూ, "లెక్కల టీచరు మీరేనాండి?" అని అడిగింది. సోడామూతలతో స్థానవిలువలు చెప్తే వందలన్నీ గోడ అవతలికి వెళ్ళిపోయి ఆటల్లో చేతులు మారాయి. ఇంట్లో దిబ్బరొట్టి వేసి తెచ్చి భిన్నాలు మొదలుపెడితే, సగం అంటే ఏమిటో తేలేలోగా సగం తినేశారు. మిగిలింది దేనిలో సగమో చూపించడానికి అసలు రొట్టే లేదు.

కొబ్బరిచిప్పలతో తక్కెడ చేసిన కథ ఇంకొకటి. హెడ్మాస్టరు చంద్రరావు దాన్ని చూసి మురిసిపోయారు. మురిసిపోయి బీరువాలో పెట్టి తాళం వేశారు.

"పిల్లల చేతికిస్తే ఉంటుందాండి అది?" అన్నారు.

"మరి ఎవరి చేతికివ్వాలి మాస్టారూ?"

"ఎంఈవోగారు వచ్చినప్పుడు తీద్దాం మేడమ్. తళతళలాడుతూ ఉంటుంది."

ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకి గోళ్ళు ఆయనే కత్తిరిస్తారు. వాన పడితే గొడుగేసుకుని మలుపు దాకా వెళ్ళి చిన్నపిల్లల్ని దాటిస్తారు. కానీ పైవాళ్ళకి పంపడానికి పొద్దున్న హాజరు ఫోటో, పదకొండింటికి మరుగుదొడ్ల ఫోటో, మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటో తీసితీసి, ఫోటోలో పడని పని ఏదీ జరిగినట్టు ఆయనకి అనిపించడం మానేసింది. సూర్యకళ ఆయన్ని కోప్పడలేదు. కోప్పడాల్సినవాళ్ళ వరసలో ఆయన వంతు వచ్చేసరికి ఆవిడకి ఓపిక అయిపోయేది.

ఆ ఏడాది శ్రావణమాసంలో, ముసురు పట్టిన వారంలో, అయిదో తరగతికి భిన్నాలు వచ్చాయి. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని బోర్డు మీద రాసింది. ఎనిమిదో వంతే అన్నారు అందరూ, ముక్తకంఠంతో. ఎనిమిది నాలుగుకంటే పెద్దది కదా అని ఆవిడ వంక జాలిగా చూశారు. కాగితం మడిచి చూపించింది. చూశారు. తాడు కత్తిరించి చూపించింది. చూశారు. మళ్ళీ అడిగితే ఎనిమిదే అన్నారు. పాఠ్యపుస్తకం తెరిచింది. ఎడంపేజీలో ఇంగ్లీషు, కుడిపేజీలో తెలుగు, రెండింట్లోనూ ఒకే పిజ్జా బొమ్మ. క్లాసులో ఎవరూ దాన్ని తిన్నవాళ్ళు కాదు. కిరణ్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, అది గారె అయితే మధ్యలో కన్నం ఏదని అడిగాడు. ఆ రోజంతా పాఠం కన్నం చుట్టూనే తిరిగింది.

సూర్యకళకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా గింజలు ఏరుకుని, మూతలు ఏరుకుని, ఇంటిని చెత్తకుప్ప చేశావని మొగుడు గణేష్‌బాబు చేత అనిపించుకుని, చివరికి ఒక పావు ముక్కని పిల్లల బుర్రలో పెట్టలేకపోతోంది. రేపట్నుంచి పుస్తకంలో ఉన్నది చదివేసి, చదివించేసి, గంట కొట్టగానే బండెక్కి పోవాలని అనుకుంది. అలా ఆవిడ ఏటా ఒకసారి అనుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర దారి దొరికింది. వరండాలో బంతిలో కూర్చుని పిల్లలు వాదించుకుంటున్నారు. కిరణ్ వాళ్ళ నాన్న కౌలుకి చెరువు చేస్తాడు. వైరస్ భయానికి రొయ్యల్ని ముందుగానే పట్టేశారు. "మా చెరువు వంద కౌంటండ్రా" అని వాడు గొప్పగా చెప్తున్నాడు. బంతి చివర కూర్చున్న దేవకుమారి, కంచంలోంచి తల ఎత్తకుండానే అంది.

"వంద కౌంటంటే చిన్నరొయ్య. ముప్పై కౌంటైతే గొప్ప."

దేవకుమారి ఆ ఏడాది అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. వాళ్ళమ్మ రూతు, రొయ్యలకి తలకాయలు తీసే షెడ్డులో పని చేస్తుంది. నాన్న ఆరోన్ చెరువు కాపలా. పిల్ల నీడలా వచ్చి కూర్చుని నీడలా వెళ్ళిపోయేది.

సూర్యకళ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై. అంకె పెరిగినకొద్దీ రొయ్య చిన్నది. ఈ ఊళ్ళో పిల్లలకి ఇది ఉగ్గుపాలతోనే తెలుసు. తెలిసినదాన్ని పక్కన పెట్టి తను ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలియని పిజ్జాని కోస్తోంది.

మర్నాడు చెరువుగట్టు మీది బంకమట్టి ఒక బకెట్టుడు తెప్పించింది. కొబ్బరిచిప్పతో కొలిచి సమానంగా ముద్దలు చేసింది. ఒక్కో ముద్ద ఒక కిలో అనుకోమంది. ఈ జట్టు నాలుగు కౌంటు రొయ్యలు చెయ్యాలి, ఆ జట్టు ఎనిమిది కౌంటు. మట్టి ఏమీ మిగలకూడదు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

ఆ పూట బడి బడిలా లేదు. కిటికీలోంచి వానవెలుగు పడి తడిమట్టి మెరుస్తోంది. పిల్లల నాలుకలు పెదాల చివర్లకి వచ్చి ఆగాయి. ఏరేటర్ల చప్పుడు కూడా దూరం జరిగినట్టనిపించింది. నాలుగు కౌంటు రొయ్య అరచేయంత వచ్చింది. ఎనిమిది కౌంటు రొయ్య దాని పక్కన పిల్లలా పడుకుంది. "నాలుగో వంతు ఇది, ఎనిమిదో వంతు అది" అని ఆవిడ చెప్పబోయేలోగా వాళ్ళే చెప్పేశారు. మరి పదహారో వంతో అంటే, "అది ఎవరూ కొనరు టీచర్" అన్నాడు కిరణ్.

దేవకుమారి చేసిన రొయ్య మాత్రం వేరు. నడుం ఎక్కడ వంగాలో అక్కడ వంగింది. చీపురుపుల్లలతో మీసాలు పెట్టింది. అందరూ చుట్టూ మూగితే, షెడ్డులో ఎలా చేస్తారో చూపిస్తానని, బొటనవేలి గోటితో టక్కున తలకాయ తీసి పక్కన పెట్టింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల మొహం అంత విప్పారి ఉండగా సూర్యకళ ఎప్పుడూ చూడలేదు.

గుమ్మంలో నిలబడి చంద్రరావు ఫోన్లో ఇదంతా తీశారు. సాయంత్రానికల్లా వీడియో మండలం గ్రూపులోకి వెళ్ళింది. మండల విద్యాధికారి ఎంఈవోగారు ఫోన్ చేసి, వచ్చే సోమవారం స్కూల్ కాంప్లెక్స్ సమావేశం తాళ్ళగరువులోనే పెట్టమన్నారు. చుట్టుపక్కల బడుల టీచర్లందరూ వస్తారు, వాళ్ళ ముందు మేడమ్‌గారు ఆ రొయ్యల పాఠమే చెప్పాలి. చంద్రరావు ఆనందానికి హద్దుల్లేవు. సూర్యకళకి కూడా, ఒప్పుకోకపోయినా, లోపలెక్కడో చల్లగా తగిలింది.

రెండు రోజులు గడవకుండానే దేవకుమారి బడి మానేసింది.

ఎందుకో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. తల తీసేసిన రొయ్యని షెడ్డుల్లో హెడ్‌లెస్ అంటారు. కిరణ్ ఆ పేరు పిల్లకి పెట్టాడు. బడి వదలగానే ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళట. పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవాళ్ళట. వాసనొస్తోందని ఒకమ్మాయి బ్యాగు తీసుకుని వేరే బల్ల మీదికి వెళ్ళిపోయిందట. ఇదంతా ఆవిడ క్లాసులోనే, ఆవిడ బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడే జరిగింది. కిరణ్‌ని నిలబెట్టి చెడామడా తిట్టింది. వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బాగా చేసిందని మీరే చప్పట్లు కొట్టించారు కదా టీచర్" అన్నాడు.

ఆవిడకి వాడి మీద కంటే తన మీద చిరాకేసింది. ఎన్నేళ్ళకో ఒక మంచి పాఠం పండితే, అది పండించిన చేతినే కాల్చింది.

శుక్రవారం సాయంత్రం దేవకుమారి వాళ్ళుండే పేటలోకి వెళ్ళింది. రూతు అప్పుడే షెడ్డు నుంచి వచ్చి, వాకిట్లో పీట మీద కూర్చుని చేతులకి నిమ్మడిప్ప రుద్దుకుంటోంది. టీచరుని చూసి లేచి, కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చింది. మర్యాదలో లోటేమీ లేదు. దేవకుమారి గుమ్మం వెనక ఉందని తెలుస్తూనే ఉంది, గౌను అంచు కనపడుతోంది.

పిల్లని పంపమ్మా అంది సూర్యకళ. పిల్లల్ని మందలించానంది. ఇంకెవరూ ఏమీ అనరంది. తరగతిలో భిన్నాలు అందరికంటే ముందు అర్థమైంది మీ అమ్మాయికే, మిగతావాళ్ళందరికీ వచ్చింది కూడా దానివల్లేనంది.

"క్లాసందరికీ లెక్క వచ్చిందండి," అంది రూతు. "మా పిల్లకి వెక్కిరింత వచ్చింది."

సూర్యకళ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఈ చేతులు చూడండి మేడంగారు. నిమ్మకాయ రుద్దినా, సబ్బు రుద్దినా ఈ వాసన పోదండి. ప్రార్థనకెళ్ళినా కొంగులో దాచుకుని కూర్చుంటాను. ఇది నాతో ఆగిపోవాలనే కదండీ దాన్ని బడికి పంపింది. మీరు మళ్ళీ రొయ్యనే దాని చేతిలో పెట్టారు. తలకాయ తీయించారు."

"మట్టిదమ్మా అది."

"మట్టిదేనండి. దాని వేలు మాత్రం ఎలా తియ్యాలో అలాగే తీసింది. అది నాకొచ్చి గొప్పగా చెప్పిందండి, మొదటిరోజు. నాకు అన్నం సయించలేదు."

మంగళవారం నుంచి పిల్లని వ్యాను ఎక్కిస్తామని రూతు చెప్పింది. రోడ్డు మీద పచ్చ వ్యాను వస్తుంది కదా, ఆ ప్రైవేటు బడి. అక్కడ మాట్లాడి వచ్చారు. అక్కడ ఇలాంటివి చెప్పరట. పిజ్జా బొమ్మ పెట్టి చెప్తారట.

"పిజ్జా మన పుస్తకంలో కూడా ఉందమ్మా," అంది సూర్యకళ, ఉక్రోషం ఆపుకోలేక.

"మరి అది చెప్పలేదేంటండి?"

దానికి సూర్యకళ దగ్గర జవాబు ఉంది. ట్రైనింగుల్లో చెప్పే జవాబు, పిల్లల పరిసరాల్లోంచి పాఠం రావాలనే జవాబు. ఆ వాకిట్లో, ఆ నిమ్మడిప్పల వాసనలో, అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పరిసరాల్లోంచి పిల్లని బయటికి లాగాలని తల్లి చూస్తుంటే, తను ఆ పరిసరాల్నే సంచిలో మోసుకెళ్ళింది.

"నా క్లాసులో ఇంక రొయ్య మాట రాదు రూతమ్మా. ఒక్క రోజు పంపించి చూడు," అంది.

రూతు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆలోచించింది. సోమవారం షెడ్డు ఆటో ఆలస్యంగా వస్తుంది. పిల్లని తీసుకొస్తాను, కిటికీ దగ్గర నిలబడి నేనే వింటాను అంది. "ఆ మాట వినపడిందాండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోతాను. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

బండి మీద ఇంటికి వస్తూ సగం దారిలో ఆవిడకి గుర్తొచ్చింది, సోమవారమే సమావేశం.

శనివారం పొద్దున్న చంద్రరావుకి చెప్పింది. ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూలబడ్డారు. అప్పటికే బ్యానరు వచ్చేసింది. టేబుల్ మీద పరిచి చూపించారు. నిలువెత్తు రొయ్య, కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో బెత్తం పట్టుకుని నవ్వుతోంది. పక్కన రంగురంగుల అక్షరాల్లో 'రొయ్యలతో భిన్నాలు'.

"కళ్ళజోడు నేనే పెట్టించాను," అన్నారు ఆయన నీరసంగా.

సూర్యకళకి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

"ఇది కట్టడానికి వీల్లేదండి."

"ఎంఈవోగారికి ఏం చెప్పను మేడమ్? పది బడుల వాళ్ళు దీనికోసం వస్తున్నారు. మీకే కదా మంచిపేరు. ఒక్క అమ్మాయి కోసమా ఇదంతా?"

"అవునండి. ఒక్క అమ్మాయి కోసమే."

ఆయన బ్యానరు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు కోడిగుడ్ల ఫోటో తియ్యడం మరిచిపోయారు. ఆయన ఎంత నొచ్చుకున్నారో దాన్నిబట్టి తెలిసింది.

అయిదో తరగతికి కూడా చెప్పింది. సోమవారం ఆ మాట ఎవరూ అనకూడదు. కిరణ్ చెయ్యెత్తాడు. అన్నంలోకి వండితే ఏమనాలని అడిగాడు. సూర్యకళ వాడి వంక చూసిన చూపుకి చెయ్యి దానంతటదే దిగిపోయింది.

ఆదివారం ఆవిడ ఏమీ తయారుచెయ్యలేదు. చెయ్యాలని కూర్చుంది. కత్తెర తీసింది, అట్ట తీసింది, మళ్ళీ లోపల పెట్టేసింది. ఏది ముట్టుకున్నా అది ఎవరిదో అనిపించింది. కొబ్బరిచిప్ప ఎవరో కాయలు దింపే కార్మికుడి ఇంటిది. తాడు ఎవరో పేనినది. చెరువు మేత సంచి ఎవరో మోసినది. ఈ ఊళ్ళో ఏ వస్తువు ఎత్తినా దాని అడుగున ఒకరి వెన్నునొప్పి అంటుకుని వస్తుంది. ఇన్నేళ్ళూ తను వస్తువునే చూసింది. అలాగని ఏ వస్తువూ లేకుండా చెప్తే మళ్ళీ ఆవలింతలే. విసుగొచ్చి పడుకుంది.

సోమవారం వాన తెరిపిచ్చింది. వరండా నిండా తడిసిన చెప్పులు, గొడుగులు. లోపల వెనక వరసల్లో టీచర్లు పిల్లల బల్లల్లో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు. ముందు కుర్చీలో ఎంఈవోగారు. దేవకుమారి మధ్య వరసలో, రెండు జడలు గట్టిగా బిగించి, బల్ల మీది గీతలు చూస్తూ కూర్చుంది. కిటికీ ఊచల అవతల రూతు, షెడ్డులో వేసుకునే గౌను ఉన్న సంచి చంకలో పెట్టుకుని.

"మట్టి ఏదమ్మా?" అన్నారు ఎంఈవోగారు చుట్టూ చూసి.

ఇవాళ మట్టి లేదండి అంది సూర్యకళ. బల్ల మీద సుద్దముక్కలు తప్ప ఏమీ లేవు. చంద్రరావు గోడకి ఆనుకుని పైకప్పు చూస్తున్నారు.

ఆవిడ నలుగురిని బోర్డు దగ్గరికి పిలిచింది. బోర్డుని సమానంగా నాలుగు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళు బస్సు గియ్యమంది. నలుగురూ హాయిగా గీశారు. కిటికీలు, కండక్టరు, పొగ కూడా పెట్టారు. తుడిపించి ఎనిమిదిమందిని పిలిచింది, దేవకుమారిని కూడా. మళ్ళీ సమానంగా గీతలు. మళ్ళీ బస్సే. ఈసారి మోచేతులు తగిలాయి. ఒకరి బస్సు చక్రం ఇంకొకరి గీత దాటిందని తగువు వచ్చింది. ఒకడికి కండక్టరుని పెట్టడానికి చోటు లేక టికెట్ మాత్రం గీశాడు. వెనక వరసల్లో టీచర్లు నవ్వుకున్నారు గానీ, ఎదురుచూస్తున్నది ఇది కాదని వాళ్ళ మొహాలు చెప్తూనే ఉన్నాయి.

"బోర్డు ఒకటే," అంది సూర్యకళ. "ఎవరి వంతు పెద్దది? ముందొచ్చిన వాళ్ళదా, ఇప్పుడొచ్చిన వాళ్ళదా?"

"నాలుగు కౌ..." అని కిరణ్ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సూర్యకళ కిటికీ వైపు చూడకుండా ఉండటానికి మెడని బలవంతాన ఆపుకుంది. బోర్డు దగ్గర దేవకుమారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఆఁ, కౌంటు," అన్నారు ఎంఈవోగారు ఉత్సాహంగా ముందుకి వంగి. "అదే కదమ్మా మేం వినడానికొచ్చింది. ఆ రొయ్యల సంగతి చెప్పండి. ఈ అమ్మాయే కదా వీడియోలో ఉంది? చెప్పు పాపా, ఎలా చేశావు అప్పుడు?"

ఆ మాట గదిలోకి వచ్చేసింది. ఎవరు తెచ్చారన్నది వేరే సంగతి. కిటికీ దగ్గర గాజులు ఊచలకి తగిలిన చప్పుడు వినపడింది. రూతు కదిలింది.

సూర్యకళ ఎంఈవోగారికీ పిల్లకీ మధ్యకి వచ్చి నిలబడింది. ఆవిడ గొంతులో అప్పుడు వినయం లేదు, భయమూ లేదు. అన్నాళ్ళ విసుగంతా ఒక్కచోట చేరి గట్టిపడిన మాట అది.

"ఆ పాఠం నేను మానేశానండి. దానివల్ల ఒకరు బాధపడ్డారు. తప్పు పిల్లలది కాదు, నాదే. ఇంక ఈ క్లాసులో అది చెప్పను. మీరు ఇంకేదైనా అడగండి."

ఎంఈవోగారు వెనక్కి వాలారు. ఆయన మనసు నొచ్చుకున్నట్టే ఉంది. కాసేపు పెన్ను టకటకలాడించి, సరే అన్నట్టు దేవకుమారి వంక చూశారు.

"పోనీ నువ్వు చెప్పమ్మా. ఎనిమిది పెద్దదా, నాలుగు పెద్దదా?"

"ఎనిమిదండి," అంది దేవకుమారి.

ఆయన చుట్టూ ఉన్న టీచర్లకేసి ఓ చూపు చూశారు. మీరే విన్నారుగా అన్నట్టు. సూర్యకళ పెదవి కొరుక్కుంది.

దేవకుమారి ఇంకా పూర్తి చెయ్యలేదు. తన భాగంలో సగం ఆగిపోయిన బస్సుని చూపించింది.

"మీరు ఎనిమిది అడిగారు కదండి. ఎనిమిదో వంతు అడిగితే, అది చిన్నదండి. ఎక్కువమందికి పంచారు కదా. నాకు చెయ్యే తిరగట్లేదు."

ముందు నవ్వింది కిరణ్. తర్వాత వెనక వరసలో ఎవరో పెద్దావిడ. దేవకుమారి నవ్వలేదు. పక్కవాడి మోచేతిని కాస్త తోసి, తన బస్సుకి రెండో చక్రం పెట్టుకుంది.

సూర్యకళ అప్పుడు కిటికీ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. రోడ్డు మీద షెడ్డు ఆటో హారన్ కొడుతోంది. రూతు ఎంతదాకా విందో తెలియదు. ఎంఈవోగారి ప్రశ్న విని వెళ్ళిపోయిందో, పిల్ల జవాబు విని వెళ్ళిందో, రెండూ కాక ఆటో వచ్చిందని వెళ్ళిందో చెప్పేవాళ్ళెవరూ లేరు. పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళలేదు. అంతవరకే తెలుసు.

సమావేశం చప్పగా ముగిసింది. పాఠం పర్వాలేదు గానీ కృత్యం తేలిపోయిందని, ఉపకరణాల వాడకం లేదని ఎంఈవోగారు అన్నారు. టీచర్లు టీ తాగి, తాము రొయ్యల కోసం ఎంత దూరం నుంచి వచ్చారో ఒకరికొకరు చెప్పుకుని, గొడుగులు వెతుక్కున్నారు. చంద్రరావు అందర్నీ గేటు దాకా సాగనంపి వచ్చారు. వెళ్ళేముందు సూర్యకళతో, బోర్డు తుడవొద్దండి, ఆ బస్సులు బాగున్నాయి, ఫోటో తీసుకుంటాను అన్నారు. తీసుకున్నారు.

మంగళవారం పొద్దున్న ఆవిడ మామూలుకంటే ముందే వచ్చింది. పనేమీ లేదు. గేటుకి తుప్పు పట్టిందేమోనని చూస్తున్నట్టు నిలబడింది. పచ్చ వ్యాను దూరం నుంచి కనపడింది. చెరువుల మధ్య రోడ్డు మీద, నీళ్ళలో తన నీడని తనే తొక్కుకుంటూ వచ్చింది. పేట మలుపు దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎవరు ఎక్కారో తాటిచెట్టు అడ్డం వచ్చి కనపడలేదు. వ్యాను ఆవిడ ముందునుంచే వెళ్ళిపోయింది. కిటికీల్లో అన్నీ టైలు కట్టుకున్న మెడలే. ఏ మెడ ఎవరిదో పోల్చుకునేలోగా మలుపు తిరిగిపోయింది.

ఆవిడ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ప్రార్థన అయింది. హాజరు ఫోటోకి పిల్లలు వరసలో నిలబడ్డారు. చంద్రరావు ఫోన్ ఎత్తి, "ఆగండాగండి, ఇంకొకళ్ళు వస్తున్నారు" అన్నారు.

దేవకుమారి పరిగెత్తుకుని వస్తోంది. అమ్మ జడలు వెయ్యడం ఆలస్యమైందట. వరసలో కిరణ్ పక్కనే ఖాళీ ఉంది. ఒక్క క్షణం చూసి, అక్కడే నిలబడింది. వాడు కొంచెం పక్కకి జరిగాడు. సిగ్గుపడి జరిగాడో, చోటిద్దామనే జరిగాడో సూర్యకళకి తెలియలేదు. ఇంక వాడి మీద ఒక కన్నెయ్యాలి, ఈ ఏడాదంతా.

ఫోటో అయిపోగానే పిల్ల నేరుగా టేబుల్ దగ్గరికి వచ్చింది. టేబుల్ మీద, టేబుల్ కింద, సంచిలో, బీరువా పైన, అన్నిచోట్లా చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"ఇవాళేంటి టీచర్?" అని అడిగింది.

ఇవాళ దశాంశాలు. సూర్యకళ దగ్గర ఒక్క ఆలోచన కూడా లేదు.

"వెళ్ళి కూర్చో," అంది, సుద్దముక్క కోసం డ్రాయరు లాగుతూ. "చూద్దాం."